జిరాఫీ రాశి: బెంగళూరు నుంచి ఉత్తరం వైపు అసలేమైనా కనిపిస్తుందా?

డాబామీద_డాబ్:

అందరికీ నమస్కారం. నేను మారతహళ్లి వైపు ఉంటాను. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, డాబా ఎక్కాలంటే వాచ్‌మన్ దగ్గర తాళం అడుక్కోవాలి, అదో పెద్ద కథ, ఇప్పుడు వద్దు. నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు (డాబ్ అంటాం), 10×50 బైనాక్యులర్ ఉన్నాయి. నాలుగేళ్లుగా చూస్తున్నాను. శని, గురుడు, ఓరియన్ నెబ్యులా, ఆండ్రోమెడా అన్నీ అయ్యాయి, మెస్సియర్ జాబితాలో (నక్షత్ర గుంపులు, నెబ్యులాలు, గెలాక్సీల పట్టిక అది) 70 దాకా టిక్కు పెట్టాను. ఇక మెస్సియర్ వస్తువు ఒక్కటి కూడా లేని రాశి ఏదైనా పట్టుకుందామని బుద్ధి పుట్టి కామెలోపార్డాలిస్ మీద పడ్డాను, అదే జిరాఫీ. ఇటు కాసియోపియా (శర్మిష్ఠ అంటారు మనవాళ్లు), అటు కపెల్లా నక్షత్రం, కింద ధ్రువ నక్షత్రం, ఈ మధ్యలో ఉన్న ఖాళీ స్థలమే ఈ రాశి. ఖాళీ అని ఎందుకన్నానంటే డాబా మీద నుంచి చూస్తే నిజంగానే ఖాళీ. ఒక్క చుక్క కూడా లేదు.

సరే, సిటీలో ఇంతేలే అని కార్తీక అమావాస్యకి ఫ్రెండు వాళ్ల ఫామ్‌హౌస్‌కి వెళ్లాను, కనకపుర రోడ్డులో, ఇంటి నుంచి అరవై డెబ్బై కిలోమీటర్లు. దక్షిణం వైపు ఆకాశం అద్భుతం. ఓరియన్ ఉంది, సిరియస్ ఉంది, రాత్రి పెరిగేకొద్దీ అగస్త్య నక్షత్రం కూడా టార్చి లైటులా వెలుగుతోంది. ఉత్తరం వైపు మాత్రం పాలు పొంగినట్టు తెల్లగా ఉంది. కెంబుల్ క్యాస్కేడ్ అనే చుక్కల వరస కోసం రెండు గంటలు వెతికాను, డాబ్‌కి 25 ఎం.ఎం. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టి ఒక్కో జానెడు జల్లెడ పట్టాను, చుక్కలు కనిపిస్తున్నాయి గానీ వరస ఎక్కడా లేదు. ఐసీ 342 అనే గెలాక్సీ సున్నా. ఎన్‌జీసీ 1501 అనే నెబ్యులా కూడా సున్నా. తెల్లారి ఇంటికొస్తే మా ఆవిడ "కనపడని దానికోసం అంత దూరం పోవాలా, ఇక్కడే కనపడట్లేదుగా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ తప్పు ఎక్కడుంది? నా కళ్లదా, డాబ్‌దా, లేక 13 డిగ్రీల అక్షాంశంలో కూర్చుని ఉత్తర ధ్రువం పక్కన ఉన్న రాశిని చూడాలనుకోవడమే అత్యాశా? ఎవరైనా ఇక్కడి నుంచి చూసినవాళ్లుంటే చెప్పండి. యూరప్ వాళ్లు రాసినవి చదివి చదివి విసుగొచ్చింది, వాళ్లకి అది నెత్తి మీద ఉంటుంది.


హిందూపురం_బండి:

అన్నా ఒక్క ప్రశ్న. ఆ ఫామ్‌హౌస్‌లో నిలబడితే బెంగళూరు ఏ దిక్కున ఉంటుంది?


డాబామీద_డాబ్:

ఉత్తరం.

అయ్యో.


హిందూపురం_బండి:

హహహ. నవ్వుతున్నానని ఏమనుకోకన్నా, నేనూ రెండేళ్లు ఇదే పని చేశాను. బెంగళూరులో చుక్కల పిచ్చి ఉన్న ప్రతివాడూ కనకపుర వైపో, డెంకణికోట వైపో దక్షిణానికే పోతాడు, ఎందుకంటే అడవి అటే ఉంది, చీకటి అటే ఉంది. వృశ్చికం, ధనుస్సు చూడ్డానికి అది బంగారం లాంటి చోటు. కానీ నువ్వు చూడాల్సింది ఉత్తరం. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే నీకూ జిరాఫీకీ మధ్య కోటిమంది పైన జనం ఉన్న ఊరు మొత్తం లైట్లేసుకుని కూర్చుంది. వెతికితే ఏం దొరుకుతుంది?

ఉత్తరం వస్తువులకి ఊరికి ఉత్తరంగానే పోవాలి. సిటీ వీపు వెనక ఉండాలి, అంతే. వీపు వెనక ఎంత వెలుగున్నా ఓర్చుకోవచ్చు. నేను బళ్లారి రోడ్డు పట్టుకుని పోతాను. దేవనహళ్లి దాటినా ఎయిర్‌పోర్టు వెలుగు ఇంకా వెంటాడుతుంది, చిక్కబళ్లాపురం దాటాక కాస్త నయం, బాగేపల్లి దాటి ఆంధ్రాలోకి వస్తే అప్పుడు తెలుస్తుంది తేడా. బాగేపల్లి టీ కొట్లో ఎలాగూ తెలుగే మాట్లాడతారు కాబట్టి అక్కడి నుంచే సొంతూరు వచ్చినట్టు ఉంటుంది. ఇంకో చిన్న లాభం: 111 కిలోమీటర్లు ఉత్తరానికి పోతే ధ్రువ నక్షత్రం ఒక డిగ్రీ పైకొస్తుంది. పెద్దగా ఒరిగేదేం లేదు గానీ ఊరికే చెప్తున్నా.

అక్షాంశం గురించి టెన్షన్ పడకు. కెంబుల్ క్యాస్కేడ్ మనకి 40 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. అంటే దిగంతానికీ నడినెత్తికీ సగం కంటే కొంచెమే తక్కువ. అది తక్కువ ఎత్తేం కాదు.


చుక్కలపిచ్చి:

హిందూపురం తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే దిక్కు ఒక్కటే కాదు, డాబ్ గారు ఇంకో రెండు తప్పులు చేశారు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిది, కెంబుల్ క్యాస్కేడ్‌ని టెలిస్కోపులో వెతకడం. దాని పొడవు సుమారు మూడు డిగ్రీలు, అంటే అయిదారు పూర్ణచంద్రుల్ని పక్కపక్కన పేర్చినంత. మీ డాబ్ ఫోకల్ లెంగ్త్ 1200 ఎం.ఎం. అయ్యుంటుంది, 25 ఎం.ఎం. ఐపీస్‌తో 48 రెట్లు వస్తుంది, కనిపించే మేర ఒక డిగ్రీ చిల్లర. మూడు డిగ్రీల వరసని ఒక డిగ్రీ కిటికీలోంచి చూస్తే ఎప్పటికీ వరసగా కనపడదు. రైలు పక్కనే నిలబడి ఒక్క బోగీ తలుపు చూసి రైలెక్కడ అని అడిగినట్టుంటుంది. మీరు బహుశా దాని మీదుగా నాలుగైదు సార్లు పోయుంటారు. అది బైనాక్యులర్ వస్తువు. అసలు దాన్ని కనిపెట్టిందే బైనాక్యులర్‌తో. లూసియన్ కెంబుల్ అని కెనడాలో ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి, 7×35 బైనాక్యులర్‌తో ఆకాశం తిరగేస్తుంటే ఇది కళ్లబడింది. అప్పట్లో అమెరికా ఖగోళ పత్రికలో శీర్షిక రాసే వాల్టర్ స్కాట్ హ్యూస్టన్‌కి ఉత్తరం రాశాడు, ఆయన 1980లో దాన్ని ప్రస్తావించి ఈ పేరు పెట్టాడు. నక్షత్రాలకి ఒకదానితో ఒకటి సంబంధం ఏమీ లేదు, మన వైపు నుంచి చూస్తే వరసలో పడ్డాయి, అంతే. ఇరవై దాకా ఉంటాయి, చాలావరకు ఎనిమిదో మాగ్నిట్యూడ్ (ప్రకాశం లెక్క, అంకె పెరిగేకొద్దీ మసక) చుట్టుపక్కల, మధ్యలో ఒక్కటి మాత్రం అయిదో మాగ్నిట్యూడ్‌ది.

పట్టుకునే దారి: కాసియోపియా డబ్ల్యూ ఆకారంలో ఉంటుంది కదా, దాని రెండు కొసల్లో ఒకటి కాఫ్, రెండోది సెగిన్. కాఫ్ నుంచి సెగిన్‌కి గీత గీసి, అదే గీతని మళ్లీ అంతే దూరం ముందుకు పొడిగించండి. అక్కడ బైనాక్యులర్ పెట్టి మెల్లగా అటూఇటూ కదపండి. మోచేతులు పిట్టగోడ మీదో కారు బానెట్ మీదో ఆనించండి, చేత్తో ఊరికే పట్టుకుంటే ఎనిమిదో మాగ్నిట్యూడ్ చుక్కలు వణుకుడులోనే పోతాయి.

వరస కొసన చిన్న గుంపు ఉంటుంది, అది ఎన్‌జీసీ 1502. ఇక్కడ డాబ్ పెట్టండి. మధ్యలో సమానమైన రెండు చుక్కలు కళ్లలా మీ వైపే చూస్తుంటాయి, స్ట్రూవే 485 అనే జంట, రెండూ ఏడో మాగ్నిట్యూడ్ దరిదాపుల్లోవే, 18 ఆర్క్ సెకన్ల ఎడం (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). ఇది బెంగళూరు డాబా మీద నుంచి కూడా దొరుకుతుంది, ఒట్టు.

రెండో తప్పు ఐసీ 342. దీని మాగ్నిట్యూడ్ 9 దరిదాపు అని రాసి ఉంటుంది, అది చూసి అందరూ సులువనుకుంటారు. ఒక చెంచా నెయ్యి ఒక ఇడ్లీ మీద వేస్తే నిగనిగలాడుతుంది. అదే చెంచా నెయ్యి పెళ్లి పంక్తిలో గుండిగెడు అన్నం మీద వేస్తే ఏ మూలకి? ఐసీ 342 రెండో రకం. 20 ఆర్క్ మినిట్ల పైన, అంటే పూర్ణచంద్రుడిలో మూడింట రెండొంతుల మేర ఆ కాస్త వెలుగూ పరుచుకుని ఉంది. పైగా అది మన పాలపుంత దుమ్ము వెనకాల ఉంది. సుమారు కోటీ పది లక్షల కాంతి సంవత్సరాల దూరం, గెలాక్సీల లెక్కలో ఇది పక్క వీధే, మధ్యలో దుమ్ము లేకపోతే ఆకాశంలో పేరున్న గెలాక్సీల్లో ఒకటయ్యేది. దుమ్ము వల్ల దాక్కుంది. దీనికి ఎక్కువ మాగ్నిఫికేషన్ పనికిరాదు, మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే తక్కువది పెట్టండి. ఓరచూపుతో చూడండి, నేరుగా చూస్తే పోతుంది. గొట్టం మీద వేలితో సన్నగా తట్టండి, కదిలినప్పుడు కన్ను మసక వస్తువుల్ని బాగా పట్టుకుంటుంది. కెంబుల్ నుంచి ధ్రువం వైపు అయిదు డిగ్రీలు దిగాలి.

ఎన్‌జీసీ 1501 దీనికి పూర్తిగా ఉల్టా. ప్లానెటరీ నెబ్యులా, అంటే ముసలి నక్షత్రం వదిలిన వాయువు పొర, చిన్నది, టెలిస్కోపులో గురుడి బింబం ఎంతో దీని బింబమూ దాదాపు అంతే. తక్కువ మాగ్నిఫికేషన్‌లో మామూలు చుక్కనుకుని దాటిపోతారు. 1502 నుంచి ఒకటిన్నర డిగ్రీ దక్షిణానికి జరిపి 120, 150 రెట్లు పెట్టండి. ఓ త్రీ ఫిల్టరుంటే (నెబ్యులా వెలుగునే లోపలికి రానిచ్చేది) వాడండి. ఆ ఫిల్టరు గెలాక్సీలకి మాత్రం పెట్టొద్దు, ఉన్న వెలుగూ పోతుంది, గెలాక్సీ వెలుగంటే నక్షత్రాల వెలుగే, అన్ని రంగులూ కలిసినది.


కోరమంగళ_కెమెరా:

ఇంత కష్టం ఎందుకు సార్? ఇప్పుడు స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి, బాల్కనీలో పెట్టి ఫోన్లో నొక్కితే ఐసీ 342 చేతులతో సహా వచ్చేస్తుంది. నేను మా డాబా మీద నుంచే మూడు రాత్రులు ఎక్స్‌పోజర్లు కలిపి తీశాను. ఓరచూపు, వేలితో తట్టడం, ఇవన్నీ ఏ కాలం నాటి మాటలు?


చుక్కలపిచ్చి:

తీశారు, సంతోషం. ఆయన అడిగింది చూడటం గురించి. పెళ్లికి పోవడం వేరు, ఆల్బం చూడటం వేరు. రెండూ బాగానే ఉంటాయి, నేను కాదనను.


కోరమంగళ_కెమెరా:

ఆల్బంలో భోజనం ఎవరూ పెట్టరు, ఒప్పుకుంటా 🙂 కానీ డాబ్ గారూ, వెళ్లే ముందు ఫోటోలు చూసి మాత్రం వెళ్లకండి. అలా చూసి వెళ్లే మా కజిన్ ఐపీస్‌లో కన్ను పెట్టి "రంగులేవి" అని అడిగాడు, మళ్లీ రాలేదు.


స్వాతి_వాన:

డాబ్ గారూ, మీ జాబితాలో ఎన్‌జీసీ 2403 గెలాక్సీ లేదేంటి? ఆ రాశిలో నేను చూడమని చెప్పేది మొదట అదే. అందరూ కెంబుల్, ఐసీ 342 అంటూ కాసియోపియా వైపు మూలే తిరుగుతారు, జిరాఫీకి రెండో వైపు, సప్తర్షుల దగ్గర అసలు బంగారం ఉంది.

నేను వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, మా నాన్నగారి పొలం గోరంట్ల అవతల. పోయిన ఏడాది మాఘమాసంలో, ఊళ్లో బంధువుల పెళ్లికని వెళ్లి, రాత్రి భోజనాలయ్యాక పది దాటాక మోటార్ షెడ్డు పక్కన నవారు మంచం వాల్చుకుని, ఊరికే బైనాక్యులర్ పట్టుకుని చూస్తున్నాను. ఎలుగుబంటి (సప్తర్షులున్న రాశి) ముక్కు దగ్గర ఉండే చుక్క, మస్కిడా అంటారు, దాని నుంచి ధ్రువానికీ పడమరకీ సరిగ్గా మధ్యగా ఎనిమిది డిగ్రీలు. అక్కడ పత్తి గింజ చుట్టూ దూది ఉన్నట్టు ఒక మచ్చ. 10×50లోనే! డాబ్ అయితే మీకు కోడిగుడ్డు ఆకారం, మీద అక్కడక్కడా మరకలు కూడా తెలియాలి. నా దగ్గరున్న 6 అంగుళాల దాంట్లో ఆకారం దాకా వచ్చింది, మరకలు నేను చూశానో ఊహించుకున్నానో చెప్పలేను.

విలియం హెర్షెల్ 1788లో కనిపెట్టాడు దీన్ని. దూరం సుమారు కోటి కాంతి సంవత్సరాలు. మన లోకల్ గ్రూపు (పాలపుంత, దాని చుట్టుపక్కల గెలాక్సీల గుంపు) దాటాక సెఫీడ్ చరనక్షత్రాల్ని (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండేవి) గుర్తించి దూరం కొలిచిన మొదటి గెలాక్సీ ఇదే, టామ్మన్, సాండేజ్ 1968లో ఆ ఫలితం ఇచ్చారు. 2004 జూలై చివర్లో జపాన్‌లో కోయిచి ఇటగాకి అనే అమెచ్యూర్ ఇందులో ఒక సూపర్నోవా (పేలిన నక్షత్రం) పట్టుకున్నాడు, 2004డీజే దాని పేరు, చిన్న టెలిస్కోపులకి కూడా అందేంత ప్రకాశంగా వచ్చింది. అమెచ్యూరండీ, మనలాంటివాడే. అంటే మనలాగా పెళ్లి భోజనం తిని మంచం మీద పడుకుని చూసేవాడు కాదనుకోండి, పని గట్టుకుని రోజూ చూసేవాడు.

ఇంకో మాట, ఇది ఆడవాళ్లకే కాదు అందరికీ చెప్తున్నా. ఊరి పొలాల్లోకి వెళ్తే సాయంత్రమే ఊళ్లో ఎవరికైనా ఒక మాట చెప్పి ఉండండి. అర్ధరాత్రి చేను మధ్యలో పెద్ద గొట్టం పెట్టుకుని ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటే గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు. మా వైపు ఆ అనుమానం చాలా ఎక్కువ. నేను సొంత ఊళ్లోనే సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.


హిందూపురం_బండి:

గుప్తనిధులు 😂😂 నిజం అక్కా. నన్ను ఒక పెద్దాయన "నాయనా ఎంత లోతులో ఉందంట" అని అడిగినాడు. నేను పైకి చూపించి కోటి కాంతి సంవత్సరాలు తాతా అన్నా. ఆయన పోలీసులకి ఫోన్ చెయ్యలేదు, కానీ నమ్మలేదు కూడా.


కాకినాడ_కుర్రాడు:

నేను పెరుంగుడిలో ఉంటాను, చెన్నై. మాకు ఉత్తరం వైపు ఊరు, తూర్పు వైపు సముద్రం, ఆకాశం నిండా తేమ, కాబట్టి ఈ చర్చలో నేను ఆకలితో హోటల్ మెనూ చదువుతున్న బాపతు. మా వాళ్లలో కొందరు జవ్వాది కొండల వైపు పోతారు, కావలూరు అబ్జర్వేటరీ ఉన్న వైపు. ఈ చలికాలం నేనూ వెళ్లాలి.

రాబోయే చొల్లంగి అమావాస్య సరిగ్గా సరిపోతుంది కదా డాబ్ గారూ? మా చొల్లంగి మా ఇంటికి పది నిమిషాలు, ఆ రోజు మా వాళ్లంతా సముద్ర స్నానాలకి పోతే మీరు చుక్కల స్నానం చెయ్యండి.

ఒక సరదా సంగతి: వాయేజర్ 1 వ్యోమనౌక వెళ్తున్నది ఈ జిరాఫీ రాశి వైపే. 40 వేల ఏళ్ల తర్వాత అందులో గ్లీసా 445 అనే నక్షత్రం దగ్గరికి చేరుతుంది. నేను చదివాను.


చుక్కలపిచ్చి:

సగం నిజం. వాయేజర్ 1 వెళ్తున్నది ఓఫియూకస్ రాశి వైపు. గ్లీసా 445 ఇప్పుడు మనకి జిరాఫీలో కనిపిస్తోంది, 17 కాంతి సంవత్సరాల దూరంలో, కానీ అదే మన వైపు దూసుకొస్తోంది. 40 వేల ఏళ్ల తర్వాత ఆ నక్షత్రం వాయేజర్‌కి సుమారు 1.6 కాంతి సంవత్సరాల దూరంలోకి వస్తుంది. ఇది అటు పోవడం కంటే అది ఇటు రావడమే ఎక్కువ. పదకొండో మాగ్నిట్యూడ్ దరిదాపు, మ్యాపు ఉంటే 8 అంగుళాల్లో చుక్కగా కనిపిస్తుంది.

అమావాస్య లెక్క సరిగ్గా చెప్పావు. జనవరి చివర్లో అయితే ఏడున్నరకి పూర్తి చీకటి పడేసరికి కెంబుల్ దాదాపు అత్యంత ఎత్తులో ఉంటుంది, కాబట్టి మొదట అది, ఆలస్యం చెయ్యొద్దు, తర్వాత పడమరకి జారిపోతుంది. 2403 పదకొండు తర్వాత.

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి చెప్పకుండా ఉండలేను. పేరు క్యాస్కేడ్, జలపాతం. కెంబుల్ రాసింది కూడా వాయవ్యం నుంచి 1502 మీదికి దూకుతున్నట్టు అని. నవంబరు రాత్రుల్లో అది ఈశాన్యంలో లేస్తున్నప్పుడు చూస్తే నిజంగా కుడి పక్కకి, కిందికే జారుతున్నట్టుంటుంది. కానీ బాగా ఎత్తుకొచ్చాక మనం ఉత్తరానికి తిరిగి చూస్తాం కదా, అప్పుడు ధ్రువం కింద ఉంటుంది, అంటే ఉత్తరం కిందికి, దక్షిణం పైకి. కాబట్టి 1502 కుడి పై కొసన ఉంటుంది. జలపాతం ఎదురెక్కుతుంది. మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి మ్యాపుని తలకిందులుగా పట్టుకోండి, లేకపోతే 1501 కోసం కిందికి వెతుకుతూ కూర్చుంటారు, అది పైన ఉంటుంది. డాబ్‌లో బొమ్మ మళ్లీ తిరగబడుతుందని మీకు తెలుసు.


డాబామీద_డాబ్:

అమ్మో, మ్యాపు! నేను కనకపురలో దాన్ని నిటారుగానే పట్టుకున్నాను. తప్పులు రెండు కాదు మూడు గురువుగారూ. అందరికీ చాలా థాంక్స్. నిన్న డాబా మీద నుంచి 1502 ప్రయత్నించాను, ఒట్టేశారు కదా, ఇరవై నిమిషాలకి దొరికింది, ఆ రెండు కళ్లు నిజంగానే చూస్తున్నాయి. పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు మీద ఎల్ఈడీ లైటు ఒకటి సరిగ్గా ఉత్తరానే ఉంది, దానికి అడ్డంగా తువ్వాలు ఆరేశాను. అమావాస్యకి వెళ్లొచ్చి రాస్తాను.


డాబామీద_డాబ్:

వెళ్లొచ్చాను. ఇంకా నిద్ర పోలేదు, తప్పులుంటే సర్దుకోండి.

ఆఫీసులో ఒకతని మేనమామ చేను, బాగేపల్లి దాటి గోరంట్ల రోడ్డులో లోపలికి. వేరుశనగ పీకేసిన నేల, చదునుగా ఉంది. మా ఆవిడ కూడా వస్తానంది, దారిలో భోజనం చేద్దామన్న ఒప్పందం మీద. స్వాతి గారు చెప్పినట్టు సాయంత్రమే ఊళ్లో చెప్పాం, చెప్పడం వల్ల లాభమూ అయింది నష్టమూ అయింది, ఎందుకంటే తొమ్మిదింటికల్లా పదిమంది పిల్లలు వచ్చి లైను కట్టారు, అందరికీ గురుణ్ని చూపించేసరికి ముప్పావు గంట పోయింది.

అది పక్కన పెడితే, ఏడు నలభైకి కారు బానెట్ మీద మోచేతులు ఆనించి, కాఫ్ నుంచి సెగిన్, మళ్లీ అంతే దూరం. నాకు దొరకలేదు. మా ఆవిడ బైనాక్యులర్ తీసుకుని అర నిమిషంలో "ఇదేనా, పూసలదండ తెగి వరసగా పడ్డట్టుంది" అంది. మళ్లీ నేను చూశాను. అంతే. ఒక్కసారి కనపడ్డాక ఇంక కనపడకుండా పోలేదు. సన్నగా, సూటిగా, మధ్యలో ఆ ఒక్క పెద్ద చుక్క. నేనేమీ చెప్పకుండానే ఆవిడే అడిగింది, జలపాతం అన్నారు మరి పైకి పోతోందేంటి అని. గురువుగారికి నమస్కారం.

1501 దొరికింది, 10 ఎం.ఎం. ఐపీస్‌తో, పైకి వెతికితేనే. గుండ్రటి బూడిదరంగు బిళ్ల, అద్దం మీద ఊపిరి వదిలితే పడే మచ్చలా ఉంది, అంచులు మెత్తగా. మధ్య నక్షత్రం నాకు కనపడలేదు.

ఐసీ 342 మీద నలభై నిమిషాలు పెట్టాను. తల మీద దుప్పటి కప్పుకుని, ఓరచూపు, వేలితో తట్టడం, అన్నీ చేశాను. మధ్యలో ఒక చిన్న మసక చుక్క, దాని చుట్టూ ఆకాశం కొంచెం "తక్కువ నల్లగా" ఉన్నట్టు. ఆరోవంతు అనుమానం, అయిదువంతులు నమ్మకం. టిక్కు పెట్టాలా వద్దా? పెన్సిలుతో పెట్టాను.

2403 మాత్రం పోయింది. పదకొండుకి దాని కోసం తిరిగేసరికి డాబ్ సెకండరీ అద్దం మీద, ఫైండర్ మీద, బైనాక్యులర్ మీద మంచు. హెయిర్ డ్రయ్యర్ తెచ్చుకోలేదు, తెచ్చినా చేన్లో కరెంటెక్కడిది. చలికి మా ఆవిడ అప్పటికే కార్లో నిద్రపోయింది. నా మంకీ క్యాప్ ఎవరో పిల్లాడు వేసుకుని పోయాడు.


స్వాతి_వాన:

అయ్యో, అసలుది పోయిందే! వచ్చేసారి డాబ్ గొట్టం ముందు భాగానికి పాత యోగా మ్యాట్ చుట్టి ఒక జానెడు ముందుకు పొడిగించండి, మంచు సగానికి సగం ఆగుతుంది. బైనాక్యులర్ చూడనప్పుడు స్వెట్టర్ లోపల పెట్టుకోండి. ఐసీ 342కి పెన్సిల్ టిక్కు న్యాయమే, నాది మూడేళ్లుగా పెన్సిల్లోనే ఉంది.


హిందూపురం_బండి:

అన్నా, నెల తిరక్కుండా ఇంకో చాన్సు ఉంది. శివరాత్రి. చతుర్దశి కాబట్టి చంద్రుడి గోల లేదు, 2403 తొమ్మిది పదికల్లా నిటారుగా ఎత్తులో ఉంటుంది. ఎలాగూ జాగారమే, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. ఒక్కటే, లేపాక్షి చుట్టుపక్కలకి మాత్రం వద్దు, ఆ రాత్రి అక్కడ తిరునాళ్ల లైట్లుంటాయి. అదే చేనుకి పో. నేనూ వస్తా, యోగా మ్యాట్ నాది తెస్తా.


డాబామీద_డాబ్:

సరే, శివరాత్రికి ఖాయం. ఉపవాసం మాత్రం నా వల్ల కాదు, చెప్పి ఉంచుతున్నా. మా ఆవిడ కూడా వస్తుందట, ఈసారి బైనాక్యులర్ తనదేనట.